వంటింటి నడుమ గట్టు: కట్టే ముందు సుద్దముక్కతో గీసి చూద్దాం

ధర్మపురి చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లలోనూ మరమ్మతుల మాట రాగానే ఇప్పుడు 'కిచెన్ ఐలాండ్' ప్రస్తావన వస్తోంది. గోడకు ఆనకుండా వంటింటి నడుమ నిలబడే గట్టు అది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు వినిపించేది ఇంట్లోనే, ఎక్కువగా వంటింట్లోనే. గోడవైపు తిరిగి పనిచేసే అమ్మతో కబుర్లు సాగవు. నడుమ గట్టు ఉంటే కూరలు తరుగుతూనే ఎదురుగా కూర్చున్న పిల్లలతో మాట్లాడవచ్చు. అయితే చోటు చూసుకోకుండా కడితే అదే రోజూ కాళ్లకు అడ్డం.

ముందు కొలతలు. గోడవైపు గట్టు 2 అడుగులు, నడక దారి 3, నడుమ గట్టు 2, అవతల దారి మళ్లీ 3. అంటే వంటిల్లు కనీసం 10 అడుగుల వెడల్పు ఉండాలి. నేలమీద సుద్దతో గీసి, ఆ చోట అట్టపెట్టెలు పేర్చి రెండు రోజులు వంట చేసి చూడండి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, ఇద్దరు తగలకుండా తిరగాలి. చోటు చాలకపోతే ఒక చివర గోడకు ఆనించిన గట్టు గానీ, లాక్ పడే చక్రాలున్న బల్ల గానీ చాలు. ఎదురెదురుగా కూర్చునే వీలు వాటితోనూ దొరుకుతుంది.

చోటు కోసం హాలు గోడ కొట్టేయాలనుకుంటే తొందరపడవద్దు. పాత మద్రాసు టెర్రస్ ఇళ్లలో కప్పు దూలాల బరువంతా గోడలమీదే ఉంటుంది. మేస్త్రి మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాకే గోడమీద చేయి వేయాలి.

పొయ్యి గోడవైపే ఉంచమని మా సలహా. సిలిండర్ రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరు మించకూడదు, నేలలోనో గోడలోనో దాచి తీయకూడదు. పైగా నడుమ పొయ్యి పెడితే పోపు ఘాటు ఇల్లంతా కమ్ముతుంది, కాగే నూనె ఎదురుగా కూర్చున్న పిల్లలమీద చిందవచ్చు. సింకు కూడా నడుమ పెట్టాలంటే నేల తవ్వి, వాటం ఇచ్చి గొట్టం వేయాలి. మిక్సీకి, గ్రైండరుకు కావలసిన కరెంటు పైపులు మాత్రం టైల్స్ పరచకముందే వేయించండి.

రాయికి మనం దూరం పోనక్కరలేదు. 2004 వరకు మన జిల్లాలోనే ఉన్న కృష్ణగిరి గ్రానైట్‌కు పేరున్న చోటు. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టుకు రాయి ఒక్కటే 40 కిలోలు, కాబట్టి కింద కట్టుబడి గట్టిగా ఉండాలి. చింతపండు, నిమ్మరసం పడితే పాలరాయి మీద మచ్చ నిలుస్తుంది. గ్రానైట్ తట్టుకుంటుంది.

ఎత్తు వండేవారి మోచేతికి 4 అంగుళాలు కిందకు ఉంటే నడుం నొప్పి రాదు. స్టవ్వు ఎత్తు కలుస్తుంది కనుక రాగి సంగటి కెలికే చోట ఇంకాస్త తగ్గించాలి. నడుమ గట్టులో ఒక వైపు 30 అంగుళాల ఎత్తులో, కింద కాళ్లు పట్టే ఖాళీతో కట్టించండి. నేలమీద కూర్చోలేని అవ్వ మామూలు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవగలదు. మనవలు పక్కనే హోంవర్కు చేసుకుంటారు.