మేళము వీడిన గొంతు



మా ఓడలరేవున వైనతేయ గోదావరి సముద్రములో గలియు తావునకు ప్రతి సాయంకాలమును పోయి కూర్చుండుట, బడి పని మానిన పిమ్మట నాకబ్బిన యలవాటు. మా యూరి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులును అచ్చటికే వత్తురు. 2025వ సంవత్సరము జూలై నెల కడపట నొకనాడు అట్టి పిల్లలు నలుగురైదుగురు చేరి గట్టిగా వాదించుకొనుచుండిరి. అందొకడు కోపముతో లేచి పోయెను. "ఏమి నాయనా, పొలము గట్టు తగవా?" యని యడిగితిని. "కాదు మాస్టారూ, పాట తగవు" అని తక్కినవారు చెప్పిరి. ఓజీ ఆస్బోర్న్ అను ఆంగ్ల గాయకుడు ఆ నెల 22వ తేదీన మరణించెను. అతడు తన మేళములో నున్నప్పుడు గొప్పవాడా, వేరుపడి పాడినప్పుడు గొప్పవాడా యన్నది వారి వివాదము. పద్యనాటకముల నడుమ పెరిగిన నాకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆ సంగీతము మాత్రము క్రొత్తది. ఆ పిల్లలవద్ద కొంత విని, కొంత చదివి తెలిసికొన్న దానిని మీకు విన్నవించుచున్నాను.

ఆ సంగీతమును హెవీ మెటల్ అందురు. బరువైన లోహమని యర్థము. మొదట విన్నప్పుడు కమ్మరి కొలిమి ప్రక్కన కూర్చున్నట్లు తోచినది. ఆ పోలిక అంత తప్పు కాదని పిదప తెలిసెను. ఇంగ్లండులో బర్మింగ్‌హాము కర్మాగారముల నగరము. 1968లో అచ్చటి పనివారి యిండ్లలో బుట్టిన నలుగురు యువకులు ఒక మేళము గట్టిరి. దానికే తరువాత బ్లాక్ సబ్బాత్ అని పేరు వచ్చెను. ఓజీ పాడువాడు; టోనీ అయోమీ గిటారు, గీజర్ బట్లర్ బేస్ గిటారు, బిల్ వార్డ్ డ్రమ్ములు వాయించువారు. ఈ అయోమీ పదునేడేండ్ల ప్రాయమున రేకుల కర్మాగారములో యంత్రమున జిక్కి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. ఎడమచేతి వాటమువాడగుటచే తంత్రులను అదుమవలసినది ఆ కుడిచేయియే. అతడు ప్లాస్టికు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. పలుచని తంత్రులు బిగించెను. కొంతకాలమునకు వానిని సడలించి శ్రుతిని దించెను. లోతైన యా నాదమునకు ఆ గాయమును ఒక కారణము. 1970లో వారి మొదటి ఆల్బము వెలువడెను.

ఓజీ పాడిన మాటలలో ఎక్కువ పాలు బట్లర్ వ్రాసినవి. గిటారు నడకలు అయోమీ కూర్చినవి. అయినను వినువారికి అవి ఓజీ పాటలు. మనము మాత్రమేమి? పాండవోద్యోగ పద్యములు తిరుపతి వేంకట కవులవి. జనము పీసపాటివారి పద్యమనియు షణ్ముఖివారి పద్యమనియు చెప్పుకొనలేదా?

1979లో, మద్యమును మత్తుమందులును మితిమీరగా, తోడివారే ఓజీని వెలుపలికి పంపిరి. కావున 'మేళము వీడెను' అనుట సగము నిజమే. అతని స్థానమున రోనీ జేమ్స్ డియో వచ్చెను. 1980లో 'హెవెన్ అండ్ హెల్' అను ఆల్బము వచ్చినది. ఓజీ గిటారు నడకను వెన్నంటి పాడువాడు. డియో ఆ నడకకు అడ్డముగా తన రాగమును సాగించువాడు. గొంతు మారగా వాద్యమును మారవలసివచ్చినది. హార్మోనియము వాయించినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఓజీ యొక్క వేరు కాపురము ఆ 1980లోనే మొదలాయెను. లోకము దీనిని 'సోలో' యనును, అనగా ఒంటరి యని. అయితే అందు ఒంటరితన మెక్కడ? గిటారు వాయించిన ర్యాండీ రోడ్స్ శాస్త్రీయ గిటారు నభ్యసించినవాడు. పాటలలోని మాటలు ఎక్కువగా బాబ్ డెయిస్లీ వ్రాసినవి. ఇది మరియొక మేళమే. పేరు మాత్రము ఒక్కనిది. 1982 మార్చి 19వ తేదీన ఫ్లారిడాలో చిన్న విమానము కూలి రోడ్స్ మృతినొందెను. అప్పటికి అతని వయసు 25 ఏండ్లు. గొంతు పోలేదు, గొంతునకు తోడు పోయినది. ఆ మొదటి రెండు ఆల్బములను ఇప్పటికిని వేరుగా నెంచువారు గలరు. ఆ యెంచుటలో న్యాయమున్నదని నా యభిప్రాయము. వేరుపడిన గాయకుని విషయమున పరీక్షింపవలసినది గొంతు కాదు, చెవి. ఎవరిని వెదకి తోడు తెచ్చుకొన్నాడన్నదే చూడవలెను.

ఇట్టి కథలు మరి రెండు. ఐరన్ మెయిడెన్ గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993లో వెడలి 1999లో తిరిగివచ్చెను. వేరుగానున్నప్పుడు అతనికి గిటారు వాయించినవారిలో అదే మేళమును అంతకుముందే వీడిన ఏడ్రియన్ స్మిత్ ఒకడు. ఇద్దరును కలిసియే తిరిగివచ్చిరి. జూడాస్ ప్రీస్ట్ నుండి రాబ్ హాల్ఫర్డ్ 1992లో వెడలగా, 1996లో వారు తెచ్చుకొన్న టిమ్ ఓవెన్స్ అంతకు మునుపు ఆ మేళపు పాటలనే పాడుకొను అభిమాని. హాల్ఫర్డ్ 2003లో మరలివచ్చెను.

మనకు కాంట్రాక్టు నాటకములు గలవు. సమాజములలో పేరు వచ్చిన నటులను ఒక్కొక్కరినే పిలిచి ఒక రాత్రికి కూర్చుటయే ఆ పద్ధతి. ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు! తెల్లవారువరకు ఏ కృష్ణుడు గొప్పయని జనము తగవులాడెడిది. నా యౌవనమున మా చిన్న సమాజములో నేను ప్రాంప్టరును. పద్యములకు విరుపులు చెప్పువాడను. మా కృష్ణుడు కాంట్రాక్టులకు పోయినప్పుడు, డబ్బునకు అమ్ముడుపోయెనని నలుగురిలో అంటిని. పదునొకండేండ్లు అతని నాటకమునకు పోలేదు. పిమ్మట ఒక తీర్థములో జనము వెనుక నిలుచుండి వింటిని. హార్మోనియము వాయించునది ఎవరో క్రొత్తవాడు; రాగము సాగినంతసేపు ఓర్పుతో వెంట నడచి, విడిచినచోట అందుకొనుచుండెను. అట్టి హార్మోనిస్టు మా సమాజమున నెన్నడును లేడు. పద్యపు విరుపు మాత్రము నేను నేర్పినదే. నేను తెర వెనుకకు పోయి పలుకరింపలేదు, పోవలసినది. ఆ కబురంపుటకు నేడు అతడు లేడు.

2025 జూలై 5వ తేదీన బర్మింగ్‌హాములో ఓజీ సింహాసనమువంటి కుర్చీలో కూర్చుండి పాడెను. నిలువ శక్తి లేదు. ముందు తన వేరు మేళముతో ఐదు పాటలు. తరువాత, ఇరువదేండ్లకు మొదటిసారిగా ఆ మొదటి నలుగురును కలిసి నాలుగు పాటలు. పదునేడు దినములకు మరణించెను.

ఇదంతయు విన్న పిల్లలు "మరి ఎవరి వాదము నెగ్గినది మాస్టారూ?" యనిరి. నేను తీర్పు చెప్పలేదు. మరునాడు, కోపగించి లేచిపోయిన యా కుర్రవాడు తానై వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. ఫోనులో ముందు 1970 నాటి పాటను, తరువాత 1980 నాటి పాటను వినిపించెను. సముద్రపు హోరులో బట్లర్ బేస్ గిటారు సరిగా వినబడలేదు. మరల వేయుమంటిని.