వేసవి శిబిరము: పొలమునుండి పాఠశాలకు

మన గుంటూరు సీమయందు మాఘ ఫాల్గుణ మాసములలో మిరపచేలు ఎఱ్ఱబాఱును. అప్పుడు కర్నూలు మొదలగు ప్రాంతములనుండి కూలి కుటుంబములు కాయకోతకు వచ్చి, చేలగట్లపై గుడిసెలు వేసికొని వసించును. తలిదండ్రులతోడ పిల్లలును వత్తురు. వారి ఊరిలో బడి నడచుచునే యుండును గాని, అచ్చట వారి పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగులును.

ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిమ్మట, పదియేండ్ల బాలికను ఒకటవ తరగతిలో పసివారి నడుమ కూర్చుండబెట్టినచో ఏమగును? ఆమె సిగ్గుపడి మరల చేనికే పోవును. ఈ చిక్కును దీర్చుటకు వేసవి శిబిరమొక మార్గము. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు 1991లో రంగారెడ్డి జిల్లాయందు పనిపిల్లలను బడికి జేర్చు కార్యము నారంభించి, ఇట్టి శిబిరములను నడపిరి. మొదట ఆటలు, పాటలు, కథలు. తరువాత అక్షరములు, అంకెలు. కొన్ని నెలలకు ఈడునకు దగిన తరగతిలో ప్రవేశము. ఆ సంస్థను నడపిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము లభించెను. 2010 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలలకు ఈడునకు దగిన తరగతిని, దానికి వలయు ప్రత్యేక శిక్షణను హక్కుగా నొసగినది.

బాలబాలికలారా! అట్టి బాలిక మీ తరగతికి వచ్చిననాడు, ఆలస్యముగా వచ్చెనని నవ్వకుడు. బల్లపై చోటిచ్చి మీ పుస్తకమును చూపుడు. శిబిరము వారధి కట్టగలదు. ఆవలి గట్టున చేయి యందింపవలసినవారు మీరే.