సైకిల్ దారి ఎక్కడ తెగుతుంది?

గ్రేటర్ నోయిడాకు బదిలీ మీద వచ్చిన వాళ్ల కళ్లకు ముందు కనిపించేవి వెడల్పయిన రోడ్లే. 1991లో అథారిటీ ఏర్పడ్డాక ప్లాను గీసి కట్టిన ఊరు ఇది. సెక్టార్లకు ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టారు, లెక్కల పుస్తకం తెరిచినట్టు! ఇరుకు సందుల పాత ఊళ్లకంటే ఇక్కడ నడిచేవాళ్లకూ సైకిళ్లకూ చోటివ్వడం తేలిక. అయినా బడి పక్క సెక్టారులోనే ఉన్నా, పిల్లల్ని సైకిల్ మీద పంపడానికి పెద్దవాళ్లు జంకుతారు. ఎందుకని?

ప్రభుత్వం పట్టించుకోలేదని కాదు. రోడ్డు మీద చోటు పంచేటప్పుడు వాహనాలను కాదు, మనుషులను చూడాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2020లో, కరోనా భయంతో జనం బస్సెక్కడం మానేసిన రోజుల్లో, కేంద్రం నగరాల మధ్య ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ అనే పోటీ పెట్టింది. గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. దాని కప్పంతా సోలార్ పలకలే. పైన కరెంటు, కింద నీడ. మన మే నెల ఎండ తెలిసినవాళ్లకు ఆ నీడ విలువ వేరే చెప్పాలా? కానీ అది ఊరి అంచున ఉంది. వ్యాయామానికి వెళ్లేవాళ్లకు భేషుగ్గా ఉంటుంది గానీ, అమీర్‌పేట పిల్లవాడు దాని మీద బడికి వెళ్లలేడు.

ఇంటి నుంచి బడి దాకా తెగకుండా ఉంటేనే అది దారి. సాధారణంగా అది తెగేది కూడలి దగ్గర. సిగ్నల్ లేని గోల్ చక్కర్‌లో బండ్లు ఆగవు, దాటేవాళ్లకు సందు దొరకదు. సరిగ్గా ప్రమాదం ఎక్కువున్న చోటే ట్రాక్ మాయమైతే, మిగతా కిలోమీటర్లు ఎన్నుంటే ఏం లాభం?

ఫుట్‌పాత్‌కూ కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నియమాల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి. ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు తప్పుకోవడానికి అది సరిపోతుంది. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మించితే తాతయ్యలు, అమ్మమ్మలు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. మంచి ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మీ జామెట్రీ బాక్సులోని స్కేలు సరిగ్గా 15 సెంటీమీటర్లే. ఇంటి ముందు ఫుట్‌పాత్ పక్కన దాన్ని నిలబెట్టి చూడండి. సున్నాకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో కలపడం మరవద్దు. ఫుట్‌పాత్ స్కేలును మించితే, ఆ కొలత రాసి అథారిటీకి ఉత్తరం పంపవచ్చు.