"చూద్దాంలే!"

"అమ్మా, ఈ రాత్రి గోపీ వాళ్ళింట్లో పడుకోనా?" "నాన్నా, ఫోను ఒక్క అయిదు నిమిషాలు!" ఇటువంటి కోరికలకు మన ఇళ్ళలో తరచు వినిపించే జవాబు ఒకటుంది: "చూద్దాంలే!"

పెద్దల మనసులో అది సందేహం. పిల్లవాడి చెవికి మాత్రం సగం ఒప్పుకోలు. అందుకే సాయంత్రం "వద్దు" అనేసరికి మాట తప్పారని ఏడుస్తాడు.

కొన్నిటికి లెక్కలున్నాయి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గోపీ ఇంట్లో నిద్రకు అటువంటి లెక్క ఏదీ లేదు. ఆ ఇంటి పెద్దలు మనకు బాగా తెలుసా? అర్ధరాత్రి బెంగపెట్టుకుంటే వెళ్ళి తీసుకురాగలమా? రేపు బడి ఉందా? ఇవి తల్లిదండ్రులే ఆలోచించుకోవాలి.

వెంటనే తేలకపోతే మాత్రమేం? "నాన్నగారితో మాట్లాడి భోజనాల వేళకు చెబుతాను" అనండి. ఆ వేళకు తప్పక చెప్పండి. ఈలోగా వాడికి ఎందుకు వెళ్ళాలనుందో కూడా వినండి. పిల్లల అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. మన దేశం 1992లో అందులో చేరింది. అడిగినదల్లా ఇవ్వమని కాదు సుమండీ!

కారణం చెప్పి వద్దంటే పిల్లవాడు కాసేపు మూతి ముడుచుకుంటాడు. మరునాడు ఇంకొకటి అడగడానికి మాత్రం జంకడు.