పిల్లల వాంతులు – మందు ఎప్పుడు?

రాత్రివేళ పసిబిడ్డ రెండు మూడు మారులు వాంతి చేసుకొనగానే ఇంటిల్లిపాదికిని కాళ్లు చేతులు ఆడవు. "వాంతి కట్టు మందేదైన ఇయ్యుడు" అని తల్లులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. ఆ ఆతురత సహజమే. కాని మందుకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు.

వాంతి రోగము కాదు, రోగమునకు గుర్తు. పిల్లలలో దీనికి తఱచుగా కారణమగునది వైరస్ క్రిములు ప్రేగులకు సోకుట. ఇట్టి వాంతులు సాధారణముగా ఒకటి రెండు దినములలో తమంతట తామే తగ్గును. అపాయమంతయు దేహములోని నీరును లవణములును తఱిగిపోవుటయందున్నది. కావున ఆ లోటు పూరించుటయే మొదటి చికిత్స.

ఇందులకు సాధనము ఓ.ఆర్.ఎస్. పొడి. అందలి చక్కెర ప్రేగులనుండి లవణమును వెంటగొని రక్తములోనికి పోవును. లవణము వెంట నీరు పోవును. 1971లో పశ్చిమ వంగమునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగినపుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణమునే త్రాగింపజేయగా, మరణములు నూటికి సుమారు 30 నుండి 4 లోపునకు దిగినవి.

లీటరు పొట్లమును విడదీయక, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒకేసారి కలుపవలెను. 24 గంటలు దాటిన పిమ్మట పారబోయవలెను. వాంతియైన పది నిమిషములకు మొదలిడి, రెండు మూడు నిమిషములకొక చెంచా చొప్పున పట్టవలెను. దాహముగొన్న బిడ్డకు గ్లాసుడు ఒక్కసారిగా త్రాగించినచో అదియు బయటికి వచ్చును. చనుబాలు మానుపరాదు.

చెంచాతో పట్టినదియు నిలువనిచో, అపుడు మందు మాట. నేడు వైద్యులు ఎక్కువగా వాడునది ఒండాన్సెట్రాన్. సెరొటోనిన్ అను పదార్థము ప్రేగులనుండి మెదడునకు పంపు వాంతి సంకేతమును ఇది అడ్డగించును. ఆరు మాసములు దాటిన బిడ్డకు, బరువునుబట్టి, సాధారణముగా ఒక్క మోతాదు చాలును. దానితో బిడ్డ నోట త్రాగగలుగుటయే ప్రయోజనము. పెక్కుమందికి సెలైను ఎక్కించు అవసరము తప్పును. అయితే విరేచనములు కొంత హెచ్చవచ్చును. గుండె లయలో దోషమున్న పిల్లలకిది ప్రమాదకరము. వైద్యుడు చెప్పనిదే ఈయరాదు.

పాత మందుల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ప్రోమెథజీన్ రెండేండ్లలోపు పిల్లలకు ఊపిరి మందగింపజేయును. అది వారికి నిషిద్ధము. మెటోక్లోప్రమైడువలన మెడయు కనుగ్రుడ్లును వంకర తిరుగుట కలదు. డోంపెరిడోనును పండ్రెండేండ్లలోపువారి వాంతులకు వాడుటకు బ్రిటనులో 2019లో అనుమతి తొలగించిరి. అన్నకు వ్రాసిన సీసా అలమారులో మిగిలియున్నదని తమ్మునికి పోయుట ఎంతటి సాహసమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

కొన్ని గుర్తులు కనబడినచో ఏ మందు కొఱకును ఇంట ఆగరాదు. వాంతిలో ఆకుపచ్చని పసరు గాని నెత్తురు గాని పడుట, కండ్లు గుంటలుపడుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, ఆరెనిమిది గంటలు మూత్రము లేకుండుట, మగతగా పడియుండుట, మెడ బిగిసికొనుట, కడుపునొప్పి తీవ్రమగుట, తలకు దెబ్బ తగిలిన పిమ్మట వాంతి యగుట – వీనిలో ఏ యొక్కటి యున్నను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మూడు మాసముల లోపు శిశువునకు పదేపదే వాంతులగుచున్నను అంతే. ప్రేగు మడతపడిన బిడ్డకు వాంతి మందు పోసి కూర్చుండుట అమూల్యమైన కాలమును పోగొట్టుకొనుటయే.

కావున ముందు చెంచా, పిదప వైద్యుని సలహా, ఆ పిమ్మటనే మందు. ఈ వరుస తప్పకున్న పెక్కు ఇండ్లలో ఆ రాత్రి క్షేమముగా గడచును.