రౌటర్ కొనేముందు

క్రిందటి ఉగాదికి మా ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ కన్నా ముందు అడిగింది వైఫై పాస్‌వర్డ్. చెప్పేశాను. అదే నెట్‌వర్క్‌లో నా ఆఫీసు లాప్‌టాప్, పిల్లల గది కెమెరా ఉన్నాయని రాత్రికి గానీ తట్టలేదు. చేసేదేమో కంప్యూటర్ ఉద్యోగం!

అందుకే రౌటర్‌లో ముందు గెస్ట్ నెట్‌వర్క్ ఉందా అని చూస్తాను. వచ్చినవాళ్ళకి ఇంటర్నెట్ అందుతుంది, మన కంప్యూటర్ల జోలికి రాలేరు. తర్వాత డబ్ల్యూపీఏ3, పాస్‌వర్డ్ ఊహించి దూరేవాళ్ళకి గట్టి అడ్డు. స్పీడు అంకెలు చూసి మురిసిపోకండి. 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ, గోడలు దాటడంలో 2.4 కన్నా వెనకే.

అన్నిటికన్నా ముఖ్యం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నాళ్ళిస్తారన్నది. ఇక్కడ బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి తయారీదారులు ఆ గడువు చెప్పితీరాలి. చెప్పని రౌటర్ ఎంత చవకైనా నేను కొననండీ.