అడవిలో ఆవు మేసిన మేత ఎంత?

కొట్టములో కట్టిన ఆవు ఎంత తిన్నదో తెలిసికొనుట సులభము. వేసిన మేతను, మిగిలిన మేతను తూచిన చాలును. కాని ఖమ్మం, భద్రాచలం అడవి అంచులలో మేయు ఆవు వెంట త్రాసు పోజాలదు. అచట పేడయే లెక్క చెప్పును.

ఆవు వెనుక సంచి కట్టి, ఒక దినపు పేడను పట్టి, తడి లేకుండ ఎండబెట్టి తూచవలెను. అది 2 కిలోలున్నదనుకొందము. అదే గడ్డిని కొట్టములో మేపి చూడగా సగము జీర్ణమైనచో, పేడ మిగిలిన సగము. అనగా, నీరు తీసివేయగా, ఆవు తిన్నది 4 కిలోలు. ఒంటబట్టినది 2 కిలోలు.

వేసవిలో గడ్డి ముదిరి 40 శాతమే జీర్ణమైనదనుకొందము. పేడ మరల 2 కిలోలే ఉన్నను, తిన్నది 3.3 కిలోలు, ఒంటబట్టినది 1.3 కిలోలు మాత్రమే. పీచు హెచ్చిన గడ్డి కడుపులో చాలసేపు నిలిచి మేతను తగ్గించును. కడుపు నిండుగ కనిపించినను పాలు తగ్గుట అందువలననే. సాయంకాలము ఇల్లు చేరిన ఆవుకు ఎంత దాణా వేయవలెనో ఈ లెక్కయే తెలుపును.